కాలనీలో ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలకు సహాయ కేంద్రం: భద్రంగా, నమ్మకంగా నడపడం ఎలా?

హైదరాబాద్‌కు ఆన్‌లైన్ ప్రభుత్వ సేవలు కొత్త కాదు. ఈసేవ కేంద్రాలు 2001లోనే ఇక్కడ మొదలయ్యాయి, 2011లో మీసేవ వచ్చింది. కరెంటు బిల్లు కట్టడానికి సగం పూట వరుసలో నిలబడిన తరం ఇంకా మన మధ్యే ఉంది. ఇప్పుడు ఆస్తి పన్ను, నల్లా బిల్లు, ట్రాఫిక్ చలాను, ఆదాయ ధ్రువపత్రం దరఖాస్తు, అన్నీ ఫోనులోనే అయిపోతాయి. అయినా మీ వీధి చివరి నెట్ సెంటరులో ఒక పావుగంట కూర్చుని చూడండి. పదిమంది వింటుండగా ఓటీపీని పైకి చదివి చెప్పే పెద్దలు కనిపిస్తారు. ఆధార్ కార్డు ఫొటోను జిరాక్స్ షాపు వాట్సాప్‌కు పంపేసి, దాని సంగతి మరిచిపోయే కుర్రవాళ్లు కనిపిస్తారు. తప్పు వాళ్లది కాదు. సేవలు ఆన్‌లైన్‌లోకి వచ్చాయి గానీ పక్కన కూర్చుని ఓపికగా నేర్పే మనిషి వాళ్లకు దొరకలేదు.

ఆ మనిషి మీరు కావచ్చు. కాలనీ సంక్షేమ సంఘంలోనో, అపార్ట్‌మెంటు కమిటీలోనో, బస్తీలోని యువజన సంఘంలోనో ఉన్న నలుగురైదుగురు పూనుకుంటే, ఆదివారం ఉదయం రెండు మూడు గంటలు కమిటీ హాలులో ఒక సహాయ కేంద్రం నడపవచ్చు. దీనికి డబ్బు పెద్దగా అక్కర్లేదు. కావలసింది క్రమశిక్షణ. క్రమశిక్షణ లేకుండా నడిపితే, నలుగురి ఆధార్ నంబర్లు, పాస్‌వర్డులు ఒకేచోట పోగుపడి, మీ కేంద్రమే కాలనీకి కొత్త ప్రమాదంగా మారుతుంది. అందుకే ఈ వ్యాసంలో సగానికి పైగా, మీరు చేయకూడని పనుల గురించే ఉంటుంది.

మొదట ఒక గీత గీసుకోండి

ఏ పనులకు సాయం చేస్తారో, వేటిని ముట్టుకోరో కాగితం మీద రాసి గోడకు అంటించండి. ఆస్తి పన్ను, నీటి బిల్లు, కరెంటు బిల్లు, చలాన్లు, మీసేవ దరఖాస్తుల స్థితి, పత్రాలు దాచుకునే డిజిలాకర్, ఆధార్ వేలిముద్రలకు తాళం, ఇవి చాలు. బ్యాంకు ఖాతాలు, రుణాల యాప్‌లు, షేర్లు, భూముల లావాదేవీలు వద్దు. భూముల రికార్డుల వెబ్‌సైటు భూ భారతిలో వివరాలు ఎలా చూసుకోవాలో చూపించవచ్చు గానీ, రిజిస్ట్రేషన్, మ్యుటేషన్ వంటి పనుల్లో వేలు పెట్టకండి. అన్నదమ్ముల తగాదా ఒకటి మీ బల్ల మీదకు వచ్చిందంటే కేంద్రం మూతపడుతుంది.

ఒక్కరే ఎప్పుడూ కూర్చోకండి. ఇద్దరుండాలి, వీలైతే అందులో ఒకరు మహిళ అయి ఉండాలి. తన ఫోను ఇంకొకరి ముందు తెరవడానికి చాలామంది స్త్రీలు జంకుతారు. అందులో కుటుంబం ఫొటోలు, సందేశాలు ఉంటాయి. ఆ జంకును గౌరవించండి.

ఇక అసలు నియమం: చేయి వాళ్లది, చూపు మనది. ఫోను వాళ్ల చేతిలోనే ఉంటుంది, వేలు వాళ్లదే కదులుతుంది. మీరు పక్కన కూర్చుని చూస్తారు, చెబుతారు. ఆలస్యమవుతుంది. డెబ్బై ఏళ్ల మనిషి పది అంకెలు కొట్టడానికి మూడు నిమిషాలు పట్టవచ్చు. వెనక నలుగురు ఎదురుచూస్తుంటే ఫోను లాక్కుని చకచకా కొట్టేయాలని చేతులు దురదపెడతాయి. ఆపుకోండి. ఈ రోజు మీరు కొట్టిపెడితే, ఓటీపీని ఇంకొకరికి ఇవ్వడం మామూలు విషయమేనని వాళ్లకు మీరే నేర్పినట్టు. రేపు ఫోనులో ఒక మర్యాదస్తుడి గొంతు అదే అడిగినప్పుడు, వాళ్లు ఇచ్చేస్తారు.

ఓటీపీ వచ్చిన క్షణంలో మీ మాట ఇలా ఉండాలి: "ఆంటీ, ఆ నంబరు నాకు చెప్పకండి. పైకి చదవకండి కూడా. ఆ సందేశంలో దేని కోసం పంపారో రాసి ఉంటుంది, ముందు అది చదువుకోండి. మనం చేస్తున్న పని అదే అయితే మీరే కొట్టండి." ఈ నాలుగు మాటలు ప్రతిసారీ, ప్రతి మనిషికీ, విసుగు లేకుండా చెప్పాలి. ముఖ్యంగా "దేని కోసం పంపారో చదవండి" అన్నది. నీటి బిల్లు కోసం కూర్చున్నప్పుడు బ్యాంకు ఓటీపీ వస్తే, ఏదో తేడా ఉందని అక్కడే తెలిసిపోతుంది.

మిగతా నియమాలు చిన్నవి. ఎవరి దగ్గరా రూపాయి తీసుకోకండి, టీ డబ్బులు కూడా. మీ ఫోనుపే నుంచి కట్టి, వాళ్ల దగ్గర నోట్లు తీసుకునే పద్ధతి అసలే వద్దు. రిజిస్టరులో తేదీ, పేరు, చేసిన పని రాయండి. ఆధార్ నంబరు, ఫోను నంబరు, పుట్టిన తేదీ రాయకండి. వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టం 2023లో వచ్చింది. అవసరానికి మించి సమాచారం పోగుచేయకూడదన్నది దాని మూల సూత్రాల్లో ఒకటి. మీ రిజిస్టరు కాగితందే కావచ్చు, చట్టం మీకు వర్తించకపోవచ్చు, కానీ ఆ సూత్రం మంచిది. మీ దగ్గర లేనిది మీ దగ్గర నుంచి పోదు.

చిరునామాల కాగితం తయారు చేయడం

కేంద్రం తెరవడానికి ముందు మీరు కూర్చుని చేయవలసిన పెద్ద పని ఇదే. దీనికి ఒక పూట కేటాయించండి.

మోసాల్లో చాలా భాగం వెబ్‌సైటు చిరునామా దగ్గరే మొదలవుతాయి. 2023 డిసెంబరులో పెండింగు చలాన్లపై రాష్ట్ర ప్రభుత్వం రాయితీ ప్రకటించింది. కొద్ది రోజుల్లోనే నకిలీ చలాన్ల వెబ్‌సైటు పుట్టిందని పోలీసులు హెచ్చరించవలసి వచ్చింది. అప్పటి అసలు చిరునామా ఇచలాన్.టీఎస్‌పోలీస్.గవ్.ఇన్. నకిలీది ఇచలాన్‌టీఎస్‌పోలీస్.ఇన్. రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. మధ్యలో ఒక చుక్క లేదు, చివర గవ్ లేదు. హడావిడిలో ఉన్న మనిషి కంటికి రెండూ ఒకటే.

చిరునామా చదవడం ఇలా నేర్పండి. మొదట్లో వచ్చే రెండు ఏటవాలు గీతలు దాటాక, మొదటి ఒంటి గీత ఎక్కడుందో చూడాలి. అక్కడ ఆగి, వెనక్కి, ఎడమ వైపుకు చదవాలి. ఒంటి గీతకు సరిగ్గా ముందు "గవ్.ఇన్" ఉంటే అది ప్రభుత్వానికి కేటాయించిన చిరునామా. ఆ ముగింపును ప్రైవేటు వ్యక్తులకు ఇవ్వరు. నిక్.ఇన్ కూడా అలాంటిదే. గవ్ అన్న మాట మధ్యలో ఎక్కడో ఇరుక్కుని, చివర కామ్ అనో, ఆన్‌లైన్ అనో, ఒట్టి ఇన్ అనో ఉంటే అనుమానించాలి. తెలంగాణ-గవ్-ఇన్.కామ్ లాంటి పేరును ఎవరైనా కొనుక్కోవచ్చు.

పక్కన కనిపించే తాళం గుర్తును చూసి మోసపోవద్దని తప్పక చెప్పండి. మీ ఫోనుకూ ఆ వెబ్‌సైటుకూ మధ్య నడిచే మాటలను దారిలో ఎవరూ వినలేరని మాత్రమే ఆ తాళం చెబుతుంది. అవతల ఉన్నది దొరో దొంగో అది చెప్పదు. దొంగ వెబ్‌సైటు కూడా తాళం వేసుకోగలదు.

గవ్.ఇన్ సూత్రంతో ఒక చిక్కుంది, దాన్ని దాచకుండా చెప్పాలి. ప్రభుత్వ సంస్థలన్నీ ఆ ముగింపును వాడవు. హైదరాబాద్‌కు కరెంటు ఇచ్చే దక్షిణ డిస్కం వెబ్‌సైటు ఓఆర్‌జీతో ముగుస్తుంది. రైలు టికెట్ల ఐఆర్‌సీటీసీ సీఓ.ఇన్‌తో ముగుస్తుంది. ప్రజలకు ఒకే గుర్తు నేర్పలేకపోవడం మన వ్యవస్థలో పెద్ద లోపమని నా అభిప్రాయం. దాని గురించి సంబంధిత సంస్థలకు మనం ఏం రాయాలో చివర్లో చెబుతాను. ప్రస్తుతానికి, అలాంటి సంస్థల చిరునామాలను ఇంటికి వచ్చిన పాత బిల్లు కాగితంపై అచ్చయిన చిరునామాతో అక్షరం అక్షరం పోల్చి, సరిపోతేనే మీ కాగితంలో రాసుకోండి.

గూగుల్‌లో వెతికి, పైన వచ్చినదాన్ని నొక్కే అలవాటు మాన్పించండి. పైన వచ్చేది చాలాసార్లు డబ్బు కట్టి పెట్టించుకున్న ప్రకటన. హెల్ప్‌లైన్ నంబర్ల విషయంలో ఇది మరీ ప్రమాదం. నకిలీ నంబర్లను అక్కడ పెట్టి కాచుకుని కూర్చునే ముఠాలున్నాయి.

కాగితంలో సేవ పేరు, చిరునామా, మనిషి వెంట తెచ్చుకోవలసిన నంబరు, ఈ మూడూ ఉండాలి. ఆస్తి పన్నుకు పది అంకెల పీటీఐఎన్, నీటి బిల్లుకు తొమ్మిది అంకెల క్యాన్ నంబరు, కరెంటుకు బిల్లు మీద ఉండే యూనిక్ సర్వీసు నంబరు. ఇద్దరు విడివిడిగా సరిచూసి, కింద తేదీ వేసి సంతకాలు పెట్టండి. మూడు నెలలకోసారి మళ్లీ సరిచూడండి. 2024లో టీఎస్ స్థానంలో టీజీ వచ్చినప్పుడు ఎన్నో శాఖల వెబ్‌సైట్ల పేర్లు మారిపోయాయి. 2025లో ధరణి పోయి భూ భారతి వచ్చింది. మార్పు జరిగిన ప్రతిసారీ పాత పేరుకూ కొత్త పేరుకూ మధ్య ఉండే అయోమయంలోనే మోసగాడికి చోటు దొరుకుతుంది. పాత కాగితాన్ని గోడ మీద వేలాడనివ్వకండి.

క్యూఆర్ కోడ్ అంటించడం సులువుగా అనిపిస్తుంది. గోడ మీద మాత్రం వద్దు. దాని మీద ఇంకో కోడ్ అంటించి పోయినా ఎవరికీ తెలియదు, కంటితో చదివి పోల్చుకోవడానికి అందులో ఏమీ ఉండదు. అక్షరాలే మంచివి.

కంప్యూటర్, ప్రింటరు

వీలైనంత వరకు వచ్చినవారి ఫోనులోనే పని జరగాలి. కంప్యూటర్ తప్పనిసరైతే, సంఘానిదైన ఒక్క యంత్రాన్ని ఈ పనికే ఉంచండి. అందులో సినిమాలు, ఆటలు, దొంగ సాఫ్ట్‌వేర్ ఉండకూడదు. ఎప్పటికప్పుడు అప్‌డేట్లు వేయండి. బ్రౌజరును ప్రైవేటు విండోలో తెరవండి, పాస్‌వర్డులు గుర్తుపెట్టుకునే సదుపాయాన్ని పూర్తిగా ఆపేయండి. మనిషి లేచి వెళ్లే ముందు లాగౌట్ చేయించి, డౌన్‌లోడ్ల ఫోల్డరును వాళ్ల కళ్లెదుటే ఖాళీ చేయండి, చెత్తబుట్ట సహా. వాళ్లు చూస్తుండగా చేయడం ముఖ్యం. రేపు నెట్ సెంటరుకు వెళ్లినప్పుడు అక్కడా అడుగుతారు, "బాబూ, నా ఫైలు తీసేశావా?" అని.

ప్రింటు కావాలంటే మీ వాట్సాప్‌కు పంపించుకోకండి. మీ ఫోనులో కాలనీ మొత్తం ఆధార్ కార్డులు చేరతాయి. కేబులుతో ప్రింటు తీసి, ఫైలు చెరిపేయండి.

ఒక చలాను కథ, మొదటి నుంచి చివరిదాకా

కేంద్రానికి వచ్చే పనుల్లో ఇది ఎక్కువ, ప్రమాదకరమైనదీ ఇదే. కాబట్టి అడుగు అడుగునా చెబుతాను.

పెద్దాయన ఒకరు వచ్చి ఫోను చూపిస్తారు. "బండి మీద చలాను పడిందట, ఇవాళే కట్టకపోతే కేసంటున్నారు, కట్టిపెట్టు నాయనా" అంటారు. వాట్సాప్‌లో సందేశం ఉంటుంది. పోలీసు చిహ్నం ఫొటో, కింద ఒక ఫైలు, దాని పేరు చివర ఏపీకే అని మూడు ఇంగ్లిష్ అక్షరాలు.

"అంకుల్, ఆ ఫైలును ముట్టుకోకండి. ఇప్పటికే నొక్కారా?" ఇదే మీ మొదటి ప్రశ్న కావాలి. నొక్కలేదంటే ఊపిరి పీల్చుకోండి. ఏపీకే అంటే చలాను కాదు, రసీదు కాదు. ఫోనులో దిగిపోయే యాప్. అది దిగాక సందేశాలు చదివే అనుమతి అడుగుతుంది. ఇచ్చారంటే, వచ్చే ప్రతి ఓటీపీ మోసగాడికి చేరుతుంది. మనం ఓటీపీ ఎవరికీ చెప్పకపోయినా డబ్బు పోయిన కేసుల్లో చాలావాటి వెనక ఉన్నది ఇదే పద్ధతి. ఏ పోలీసు శాఖా, ఏ రవాణా శాఖా వాట్సాప్‌లో యాప్ పంపదు. యాప్ కావాలంటే శాఖ వెబ్‌సైటులో ఇచ్చిన లింకు ద్వారా ప్లేస్టోరుకు వెళ్లాలి.

తరువాత పంపినవాళ్లెవరో చూపించండి. పది అంకెల మొబైల్ నంబరు నుంచి వచ్చిందా? అయితే అది ప్రభుత్వ సందేశమని నమ్మకండి. మామూలు ఎస్‌ఎంఎస్ అయితే, పంపినవారి పేరు చివర ఒక గీత, ఒక ఇంగ్లిష్ అక్షరం ఉంటాయి. టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2025లో తెచ్చిన పద్ధతి ప్రకారం ప్రభుత్వ సందేశాలకు జి, ప్రచార సందేశాలకు పి. ఇదొక్కటే చూసి నమ్మేయనక్కర్లేదు గానీ, ఆ అక్షరం వైపు చూడడం అలవాటైతే మంచిది.

ఇప్పుడు సందేశాన్ని పక్కన పెట్టించండి. లింకు అసలైనదేమోనని పరీక్షించడానికి కూడా నొక్కవద్దు. మీ చిరునామాల కాగితం చూసి, బ్రౌజరులో ఆయన చేతే అక్షరం అక్షరం కొట్టించండి. బండి నంబరు, అడిగిన మిగతా వివరాలు ఇస్తే పెండింగు చలాన్లు కనిపిస్తాయి. తేదీ, సమయం, చోటు, బండి ఫొటో ఉంటాయి. ఆ ఫొటో పెద్దది చేసి చూడమనండి. బండి తమదేనా, ఆ రోజు అటు వెళ్లారా అని ఆయనే గుర్తుచేసుకోవాలి. నంబరు పలక తప్పుగా చదవడం వల్ల ఒకరి చలాను ఇంకొకరికి పడడం కూడా జరుగుతుంది. అలా అయితే కట్టకుండా, ఫిర్యాదు చేసే దారి అదే వెబ్‌సైటులో వెతకాలి.

చలాను లేదని వెబ్‌సైటు చెబితే ఆయన ముఖంలో వచ్చే తేడా చూడండి. చలాను ఉంటే, అక్కడే కట్టించండి. యూపీఐ తెరమీద డబ్బు అందుకునే వారి పేరు వస్తుంది. అక్కడ ఎవరో వ్యక్తి పేరు కనిపిస్తే వెంటనే ఆగిపోవాలి. పిన్ కొట్టేది డబ్బు పంపడానికే, డబ్బు రావడానికి పిన్ అక్కర్లేదు అన్న మాట ఇక్కడ మరోసారి చెప్పండి. "రాయితీ వాపసు వస్తుంది, పిన్ కొట్టండి" అనే మోసం దీంతో కట్.

కరెంటు కట్ చేస్తామనే బెదిరింపు సందేశం కూడా ఈ కోవలోదే. "గత నెల బిల్లు నమోదు కాలేదు, ఈ రాత్రి కనెక్షన్ తీసేస్తాం, ఈ అధికారికి ఫోను చేయండి" అని వస్తుంది. మందు అదే. సందేశం మూసేసి, మీ దారిలో మీరు వెబ్‌సైటుకు వెళ్లి, బాకీ ఉందో లేదో చూసుకోవడం.

ఆధార్‌కు తాళం

2018లో పెద్దపల్లి జిల్లాలో ఒక మొబైల్ దుకాణదారు, భూముల రిజిస్ట్రేషన్ పత్రాల్లో ఉన్న వేలిముద్రల నుంచి రబ్బరు నకళ్లు తయారు చేసి, వాటితో సిమ్ కార్డులు యాక్టివేట్ చేశాడు. ఓటీపీని మార్చుకోవచ్చు, పాస్‌వర్డును మార్చుకోవచ్చు. వేలిని మార్చుకోలేం. అందుకే వేలిముద్రకు తాళం వేసే సదుపాయాన్ని ఆధార్ జారీ చేసే సంస్థ యూఐడీఏఐ ఇచ్చింది. దాని వెబ్‌సైటులోనో, అధికారిక యాప్‌లోనో బయోమెట్రిక్ లాక్ అన్న చోట వేసుకోవచ్చు. తాళం వేశాక ఆ వేలిముద్రతో, కనుపాపతో, ముఖంతో ఎవరూ ధ్రువీకరణ చేయలేరు. ఓటీపీతో జరిగే పనులు మామూలుగానే సాగుతాయి.

కానీ అందరికీ గుడ్డిగా వేయించకండి. వేలిముద్ర వేసి రేషను తెచ్చుకునేవారు, పింఛను తీసుకునేవారు ఉంటారు. తాళం పడ్డ సంగతి మరిచిపోయి రేషను దుకాణానికి వెళితే బియ్యం రావు, ఉత్త చేతులతో తిరిగి వస్తారు. ఆ ఇంట్లో తాత్కాలికంగా తాళం తీయడం తెలిసిన మనిషి ఉన్నారా అని ముందు అడగండి. లేకపోతే వేయకపోవడమే నయం. దానికి బదులు, ఆధార్ ఎక్కడెక్కడ వాడారో చూపించే చరిత్ర అదే వెబ్‌సైటులో ఉంటుంది. గత ఆరు నెలలది చూడవచ్చు. నెలకోసారి మీ కేంద్రానికి వచ్చి అది చూసుకుని వెళ్లమనండి.

జిరాక్స్ ఇవ్వవలసి వచ్చినప్పుడు చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ చాలాచోట్ల సరిపోతుంది. హాస్టలుకో, లాడ్జికో, ఇల్లు అద్దెకు ఇచ్చేవారికో అదే ఇవ్వండి. ఒక విషయం ఎక్కువమందికి తెలియదు. డౌన్‌లోడ్ చేసిన ఆధార్ ఫైలుకు ఉండే పాస్‌వర్డు పేరులోని మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం. మన గురించి కాస్త తెలిసిన ఎవరైనా దాన్ని ఊహించగలరు. కాబట్టి ఫైలుకు తాళం ఉంది కదా అని గ్రూపుల్లో పంపకండి.

మన పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. తెలియని నంబరు కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయవచ్చు. ఐదు నిమిషాల పని, ఇంటిల్లిపాదికీ చేయించండి.

రసీదు చేతికి వచ్చేదాకా పని అయినట్టు కాదు

ప్రజలకు ఆన్‌లైన్ మీద నమ్మకం పోయేది మోసాల వల్లే కాదు. డబ్బు ఖాతాలోంచి పోయి, తెరమీద గుండ్రంగా తిరుగుతూ ఉండిపోతే, ఆ మనిషి మళ్లీ జన్మలో ఆన్‌లైన్‌లో కట్టడు. అప్పుడు మీరు చేయవలసింది ఒకటే: రెండోసారి కట్టనివ్వకండి. లావాదేవీ నంబరు ఉన్న తెరను ఫొటో తీసి పెట్టుకోమనండి. రెండు మూడు రోజుల తరువాత అదే వెబ్‌సైటులో బాకీ చూడాలి. నమోదై ఉంటే సరి. లేకపోతే, డబ్బు ఖాతాకు తిరిగి రాకపోతే, ఆ నంబరుతో బ్యాంకులోనూ శాఖలోనూ ఫిర్యాదు చేయాలి. ఏప్రిల్‌లో ఆస్తి పన్నుకు ఐదు శాతం రాయితీ ఉన్నప్పుడు, చివరి రోజున రద్దీకి ఈ బెడద ఎక్కువవుతుంది. మీ కాలనీ వాళ్లను మొదటి పదిహేను రోజుల్లోనే రమ్మని చెప్పండి.

మీసేవ దరఖాస్తులకు రసీదులో దరఖాస్తు నంబరు ఉంటుంది. దాన్ని అగ్గిపెట్టె మీద రాసుకుని పోగొట్టుకోకుండా, ఫొటో తీసి డిజిలాకర్‌లోనో, ఇంట్లో ఇంకొకరి ఫోనులోనో పెట్టించండి. ధ్రువపత్రం మీద డిజిటల్ సంతకం ఉంటుంది, దాన్ని మీసేవ వెబ్‌సైటులో నంబరుతో సరిచూడవచ్చు. అద్దెకు వచ్చినవారి పత్రమో, పనిమనిషి తెచ్చిన పత్రమో అసలైనదో కాదో తేల్చడానికి కూడా ఇది పనికివస్తుంది. డిజిలాకర్‌లో సంస్థ జారీ చేసిన పత్రానికి అసలు పత్రంతో సమానమైన చెల్లుబాటు ఉంది. మనం ఫొటో తీసి అందులో పెట్టుకున్న దానికి ఆ విలువ లేదు. ఈ తేడా చెప్పకపోతే ట్రాఫిక్ పోలీసు ముందు ఇబ్బంది పడతారు.

కాగితమే భద్రం అని వాదించే పెద్దలు ఉంటారు. వాళ్లతో తగువు పడకండి. 2024 జనవరిలో ప్రభుత్వ పథకాల కోసం జనం ఇచ్చిన ప్రజాపాలన దరఖాస్తులు బాలానగర్ ఫ్లైఓవర్ మీద రోడ్డున పడి కనిపించిన సంగతి గుర్తుచేయండి చాలు. కాగితానికైనా, కంప్యూటర్‌కైనా భద్రత దాన్ని చూసుకునే మనిషి శ్రద్ధను బట్టే ఉంటుంది.

డబ్బు పోయిందని ఎవరైనా వస్తే

తిట్టకండి. "చదువుకున్నావు, అంతమాత్రం తెలియదా" అనే ఒక్క మాట వల్ల తరువాతి మనిషి మీకు చెప్పకుండా దాచుకుంటాడు. ఆ దాచుకున్న గంటల్లోనే డబ్బు చేతులు మారిపోతుంది.

ముందు 1930కి ఫోను. ఆర్థిక సైబర్ నేరాలకు దేశమంతటికీ ఇదే నంబరు. ఎంత త్వరగా చెబితే, డబ్బు చేరిన ఖాతాను స్తంభింపజేసే అవకాశం అంత ఎక్కువ. పక్కనే ఇంకొకరు బ్యాంకుకు ఫోను చేసి కార్డు, యూపీఐ ఆపించాలి. ఏపీకే దిగిన ఫోను అయితే వెంటనే ఇంటర్నెట్ ఆపేసి, 1930కి వేరే ఫోను నుంచి చేయండి. కాల్స్ దారి మళ్లించి ఉండవచ్చు, దాన్ని రద్దు చేయడానికి ##002# కొట్టాలి. తేదీ, సమయం, మొత్తం, లావాదేవీ నంబరు, అవతలి ఫోను నంబరు, సందేశాల ఫొటోలు ఒక కాగితం మీదకు చేర్చండి. ఆ సందేశాలను కోపంలో చెరిపేయకుండా చూడండి, అవే సాక్ష్యాలు. తరువాత సైబర్‌క్రైమ్.గవ్.ఇన్‌లో ఫిర్యాదు నమోదు చేయించి, వచ్చిన నంబరు భద్రపరచండి. రాష్ట్రంలో ఈ ఫిర్యాదులను చూసే తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో 2023లో మన బంజారాహిల్స్ కమాండ్ కంట్రోల్ కేంద్రంలోనే మొదలైంది.

డబ్బు తిరిగి వస్తుందని మాట ఇవ్వకండి. ఫిర్యాదు పూర్తయ్యేదాకా పక్కన ఉంటామని మాత్రం చెప్పండి, ఉండండి. డబ్బు తిరిగి తెప్పిస్తామంటూ తరువాత వచ్చే ఫోన్లు రెండో మోసం అని కూడా ఆ రోజే చెప్పి పంపండి.

శాఖలకు రాయండి

జాగ్రత్త అంతా ప్రజలదే అన్నట్టు మాట్లాడడం అన్యాయం. సేవ ఇచ్చేవారికీ బాధ్యత ఉంది, దాన్ని గుర్తుచేసే హక్కు మీ కేంద్రానికి ఉంది. ప్రతి ఆదివారం మీ కళ్లెదుట కనిపించిన ఇబ్బందులను నెలాఖరున ఒక ఉత్తరంగా రాసి శాఖకు పంపండి. "వెబ్‌సైటు బాగాలేదు" అని రాస్తే ఎవరూ కదలరు. "డబ్బు కట్టాక రసీదు పేజీ తెరుచుకోవడం లేదు, ఈ నెల మా కాలనీలో ఇంతమందికి జరిగింది, తేదీలు ఇవి" అని రాయండి. తెలుగులో పేజీ లేకపోతే అడగండి. చిరునామా గవ్.ఇన్‌లోకి ఎప్పుడు మారుతుందో అడగండి. బిల్లు మీద అధికారిక చిరునామాను, హెల్ప్‌లైన్ నంబరును పెద్ద అక్షరాలతో అచ్చువేయమనండి.

సమాచారం బయటకు పొక్కినప్పుడు ఏం జరుగుతుందో కూడా అడగాలి. 2024లో తెలంగాణ పోలీసుల హాక్ ఐ యాప్ సమాచారం హ్యాకర్ చేతిలో పడింది. కేసు పెట్టి నిందితుణ్ణి అరెస్టు చేశారు. అది మంచి పని. అయితే ఆ యాప్ వాడిన మామూలు మనిషికి కావలసింది ఇంకొకటి: నా వివరాల్లో ఏవి పోయాయి, ఇప్పుడు నేనేం చేయాలి అన్న సూటి సమాధానం. సైబర్ దాడి జరిగితే ఆరు గంటల్లో తెలియజేయాలని సైబర్ దాడులను చూసే కేంద్ర సంస్థ సెర్ట్-ఇన్ 2022లో ఆదేశించింది. అది సంస్థ నుంచి సెర్ట్-ఇన్‌కు వెళ్లే సమాచారం. పౌరుడికి చెప్పే పద్ధతి ఏమిటో ప్రతి శాఖా ముందే రాసిపెట్టుకోవాలి. మీ శాఖలో అది ఉందా, వెబ్‌సైటుకు భద్రతా తనిఖీ చివరిసారి ఎప్పుడు జరిగింది అని సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. రుసుము పది రూపాయలు, గడువు 30 రోజులు. తనిఖీ నివేదికలోని లోపాల వివరాలు అడగకండి, అవి బయటపెట్టడం ప్రమాదం, ఇవ్వరు కూడా. తేదీ అడగండి, అది చాలు.

వచ్చిన జవాబును, మంచిదైనా చెడ్డదైనా, చిరునామాల కాగితం పక్కనే గోడకు అంటించండి. నెల దాటినా జవాబు రాకపోతే, పంపిన ఉత్తరం నకలునే పంపిన తేదీతో అంటించండి, సమాచార హక్కు దరఖాస్తు అయితే మొదటి అప్పీలు కూడా వేయండి.